ప్రతి ఆన్సర్‌కీ అదే ‘చారిత్రక నేపథ్యం’ పేరా. విక్టోరియన్, మోడరన్ సాహిత్యం అసలు ఎలా చదవాలి?

సింధు_ఎమ్మే
దూరవిద్యలో ఎమ్మే ఇంగ్లిష్ చేస్తున్నా. ఈ సెమిస్టర్‌లో 1880 నుంచి 1930 దాకా బ్రిటిష్ సాహిత్యం పేపర్ ఉంది. హార్డీ, వైల్డ్, కాన్రాడ్, ఫార్‌స్టర్, వూల్ఫ్, ఎలియట్. ఏ ప్రశ్నకైనా ముందు చారిత్రక నేపథ్యం రాయాలంటారు. గైడ్‌లో దానికో పేరా ఉంది: పారిశ్రామిక విప్లవం వచ్చింది, డార్విన్ వచ్చాడు, మతం మీద నమ్మకం సడలింది, సామ్రాజ్యం పెరిగింది, ప్రపంచ యుద్ధం జరిగింది, మనిషి ఒంటరివాడయ్యాడు. దాన్నే బట్టీ పట్టి హార్డీకీ పెడుతున్నాం, ఎలియట్‌కీ పెడుతున్నాం. ఆ పేరా అయ్యాక నవల గురించి రాయడం మొదలుపెడితే పైన రాసినదానికీ కింద రాసేదానికీ సంబంధమే కనిపించదు. చరిత్ర నిజంగా అవసరమా, లేక మార్కుల కోసం పెట్టిన తంతా? పరీక్ష దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా పద్ధతి చెప్పండి.

వరంగల్_వాసు
ఆ పేరా మా సీనియర్ల నోట్స్‌లోనూ ఉంది. ఎవరి పెళ్లయినా శుభలేఖ పైన అదే శ్లోకం ఉన్నట్టు. నేనూ అదే రాశాను, మార్కులు వచ్చాయి. ముందు పాసవ్వు చెల్లీ, పద్ధతులు తర్వాత చూద్దాం.

నెట్_గురి
నెట్, అంటే లెక్చరర్ అర్హత పరీక్ష, రాసేవాళ్లకి తేదీలు తప్పవు. నాలుగు పుస్తకాలిచ్చి కాలక్రమంలో పెట్టమంటారు. డ్రాకులా 1897, కిమ్ 1901, వేస్ట్ లాండ్ 1922, మిసెస్ డాలోవే 1925. ఒక చార్టు రాసి గోడకి అంటించు.

పాతపుస్తకం
వాసూ, పాసవడానికి ఆ పేరా చాలు, నిజమే. కానీ అమ్మాయి అడిగింది వేరు. డిగ్రీ పిల్లలకి చాలా ఏళ్లు ఈ పాఠాలు చెప్పాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా.

సింధూ, నేపథ్యం ముందు చదివి ఆ తర్వాత పుస్తకం తెరవకు. పుస్తకంలో ఒక సీన్ పట్టుకుని, ఇది ఇలాగే ఎందుకు జరిగింది అని అడుగు. అక్కడి నుంచి చరిత్రలోకి వెళ్లు.

హార్డీ నవల టెస్ తీసుకో. పాడి దగ్గర పనిచేసే రోజుల్లో టెస్, ఆమె ప్రేమించిన ఏంజెల్ ఇద్దరూ ఒక సాయంత్రం వానలో పాల క్యాన్లు బండికెత్తి రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్తారు. రైలు వచ్చి పాలు ఎక్కించుకుని వెళ్లిపోతుంది. రేపు పొద్దున లండన్‌లో మనం ఎన్నడూ చూడనివాళ్లు ఈ పాలు తాగుతారు కదా అని టెస్ ఆశ్చర్యపోతుంది. అందరూ దీన్ని ప్రేమ సీన్‌గా చదివి పేజీ తిప్పేస్తారు. కానీ అసలు ఆ పాలు లండన్‌కి ఎందుకు పోతున్నాయి? 1870ల నుంచి అమెరికా గోధుమలు ఓడల్లో చవగ్గా వచ్చి పడ్డాయి, ఇంగ్లండ్‌లో గోధుమ పండించే రైతు కుదేలయ్యాడు. పచ్చిపాలు మాత్రం సముద్రం దాటి రావు. పైగా రైలు ఊరి దాకా వచ్చింది. కాబట్టి కథ నడిచే ఆ నైరుతి ఇంగ్లండ్ జిల్లాల్లో పాడి నిలబడింది. ఇప్పుడు నవల మొత్తం చూడు. టెస్ నాలుగు రోజులు సుఖపడింది పాడి ఉన్న లోయలో. నరకం చూసింది ఫ్లింట్‌కోంబ్ యాష్ అనే మెట్ట పొలంలో, టర్నిప్ దుంపలు తవ్వుతూ, ఆవిరి నూర్పిడి యంత్రం పక్కన నిలబడి. హార్డీ దాన్ని విధి అన్నాడని గైడ్ చెప్తుంది. ఆ విధికి ధాన్యం ధర, రైలు టైమింగ్ కూడా ఉన్నాయి.

ఇంకొకటి. తండ్రి చనిపోగానే ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేయాలి. ఆ ఇల్లు ముగ్గురి ప్రాణాల మీద రాసిన కౌలు. పత్రంలో పేరున్న ముగ్గురిలో ఆఖరివాడు పోతే ఇల్లు భూస్వామికి తిరిగి వెళ్లిపోతుంది. టెస్ తండ్రిదే ఆ ఆఖరి ప్రాణం. తల్లీ పిల్లలూ వీధిన పడ్డారు కాబట్టే టెస్ మళ్లీ, మునుపు తనని పాడుచేసిన అలెక్ దగ్గరికి వెళ్లాల్సొచ్చింది. కథ మలుపు తిరిగింది ఆ కౌలు కాగితం మీద. ఇది తెలియకపోతే టెస్‌ని బలహీనురాలని రాసేస్తాం. నా దగ్గరికొచ్చిన పేపర్లలో చాలామంది అలాగే రాశారు, నాకు బాధేసేది.

సింధు_ఎమ్మే
కౌలు సంగతి మా మెటీరియల్‌లో ఒక్క లైన్ కూడా లేదు సార్. ఆ చాప్టర్ ఇప్పుడే మళ్లీ తీశాను. నిజంగానే ఉంది.

అద్దె_నవల
పాతపుస్తకం గారు పొలం నుంచి చెప్పారు, నేను పుస్తకం ధర నుంచి చెప్తా. విక్టోరియన్ నవలలు ఎందుకంత లావుగా ఉంటాయని అందరూ విసుక్కుంటారు. అవి మూడేసి సంపుటాలుగా వచ్చేవి. మూడూ కలిపి 31 షిల్లింగుల 6 పెన్స్. పొలం కూలీకి రెండు వారాల కూలి పోసినా చాలేది కాదు. అందుకే జనం కొనేవాళ్లు కాదు, ముడీస్ లాంటి అద్దె లైబ్రరీల్లో ఏడాదికి ఒక గినీ (21 షిల్లింగులు) కట్టి తెచ్చుకునేవాళ్లు. మూడు సంపుటాలైతే ఒకే నవలని ఒకేసారి ముగ్గురికి ఇవ్వచ్చు, అదీ లైబ్రరీకి లాభం. ముడీస్ కొనకపోతే ఆ నవల పని అయిపోయినట్టే. ఇంట్లో ఆడపిల్లలు చదవకూడనిది ఏదీ ఉండకూడదని వాళ్ల పట్టు. రచయిత రాసేటప్పుడే ఆ భయంతో రాసేవాడు.

1894లో ముడీస్, స్మిత్స్ అనే ఇంకో అద్దె లైబ్రరీ కలిసి సంపుటానికి 4 షిల్లింగులకు మించి ఇవ్వం అన్నాయి. కొద్ది ఏళ్లలోనే మూడు సంపుటాల నవల మాయమైంది. నవల సన్నబడింది, ధర తగ్గింది, విషయం మారింది. గైడ్‌లో డార్విన్ ఉంటాడు గానీ ముడీస్ ఉండదు!

తెనాలి_పాప
అద్దె షాపు అంటే మా వీధి చివరి షాపు గుర్తొచ్చింది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలే పుస్తకంగా వస్తే రోజుకింత అని అద్దెకి తెచ్చేవాళ్లం. అట్ట ఊడిపోయి, ఆఖరి పేజీ చిరిగిపోయి ఉండేది. ముగింపు తెలియక పక్కింటి పిన్నిని అడిగి తెలుసుకునేదాన్ని. అక్కడా సీరియల్స్ ఉండేవా?

అద్దె_నవల
ఉండేవి తల్లీ, బోలెడు. టెస్ కూడా 1891లో ది గ్రాఫిక్ అనే వారపత్రికలో సీరియల్‌గానే వచ్చింది. అది ఇంటిల్లిపాదీ చదివే పత్రిక. అందుకని అలెక్ టెస్‌ని పాడుచేసిన భాగం తీసేసి దొంగ పెళ్లి ఒకటి పెట్టాల్సొచ్చింది. వాననీళ్లు నిండిన దారి దాటించడానికి ఏంజెల్ అమ్మాయిలని చేతుల మీద ఎత్తుకుని మోస్తాడు కదా, పత్రికలో మాత్రం తోపుడు బండిలో కూచోబెట్టి దాటించాడు. తీసేసిన భాగాలని హార్డీ వేరే పత్రికల్లో విడిగా వేసుకుని, పుస్తకం వేసేటప్పుడు మళ్లీ అతికించాడు.

తెనాలి_పాప
తోపుడు బండిలోనా! ప్రేమంతా ఆ గతుకుల్లోనే పోయుంటుంది.

కవితాప్రియ
ఇదంతా ఆసక్తిగా ఉంది, కాదనను. కానీ నా అభ్యంతరం సూటిగా చెప్తా. రైళ్లు, కౌలు, షిల్లింగులు అంటూ పోతే సాహిత్యం ఎక్కడ మిగులుతుంది? గోధుమ ధర పడిపోయిన కాలంలో వందలమంది నవలలు రాశారు. హార్డీ ఒక్కడే ఎందుకు నిలిచాడు? దానికి చరిత్ర సమాధానం చెప్పదు, వాక్యం చెప్తుంది. ఐ.ఎ. రిచర్డ్స్ అనే విమర్శకుడు కేంబ్రిడ్జ్‌లో కవి పేరు, కాలం ఏదీ చెప్పకుండా పద్యాలిచ్చి చదివించాడు. అలా చదవడం రాకపోతే ఎంత చరిత్ర తెలిసినా వృథా. సింధు ముందు పేజీ మీద ఉన్నది చదవడం నేర్చుకోవాలి.

పాతపుస్తకం
వాక్యం ముందు అన్న మాట ఒప్పుకుంటా. నేనూ సీన్ నుంచే మొదలుపెట్టమన్నాను. కానీ రిచర్డ్స్ పుస్తకం 1929లో వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లిష్‌కి సొంతంగా పరీక్ష ఏర్పడిందే 1917లో, యుద్ధం నడుస్తుండగా. పేరూ ఊరూ తీసేసి పద్యం చదవాలన్న ఆలోచనకి కూడా ఒక కాలం ఉంది ప్రియగారూ.

కవితాప్రియ
కాలం ఉన్నంత మాత్రాన ఆ పద్ధతి తప్పయిపోదు కదండీ. నా మాట మీద నేనుంటా.

లాయర్_ఇందిర
నేను సాహిత్యం చదువుకోలేదు, లా చదివాను. నవలలు మాత్రం వదలను. ఒక చట్టం సంగతి చెప్తా, ఇద్దరికీ పనికొస్తుంది.

1885లో బ్రిటన్‌లో క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టం వచ్చింది. ఆడపిల్లల సమ్మతి వయసుని 13 నుంచి 16కి పెంచింది. చిన్నపిల్లల అమ్మకం గురించి ఒక లండన్ పత్రిక రాసిన కథనాలతో పుట్టిన గొడవ దాని వెనక ఉంది. అదే చట్టంలో ఆఖరి దశలో లబుషేర్ అనే ఎంపీ ఒక సెక్షన్ చేర్చాడు: మగవాళ్ల మధ్య ‘అసభ్యత’ ఏకాంతంలో జరిగినా నేరమే. పదేళ్లకి, 1895లో, ఆస్కార్ వైల్డ్‌కి ఆ సెక్షన్ కిందే రెండేళ్ల కఠిన శిక్ష పడింది. అంతకుముందు ఆయనే వేసిన పరువునష్టం కేసులో ఆయన రాసిన డోరియన్ గ్రే నవలని ఆయన మీదే ప్రశ్నలుగా వాడారు. 1890లో పత్రికలో వచ్చిన పాఠాన్ని పుస్తకం కోసం ఆయన 1891లో కొంత మార్చాడు. కోర్టులో లాయర్ పట్టుకున్నది మార్చకముందుదాన్ని. రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఏ మాట ఎక్కడ తగ్గిందో చూస్తే ఆ మనిషి భయం కనిపిస్తుంది. ఒక నవలని సాక్ష్యంగా నిలబెట్టి మనిషిని కూల్చేశారన్నది నన్ను ఇప్పటికీ కుదిపేస్తుంది.

ఫార్‌స్టర్ 1913, 14ల్లో రాసిన మోరిస్ నవల ఆయన చనిపోయాక 1971లో గానీ అచ్చు కాలేదు. అదీ ఈ చట్టం నీడే. స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన మన 377వ సెక్షన్ కూడా వాళ్లు 1860లో రాసిచ్చిన, 2024 దాకా నడిచిన శిక్షాస్మృతిలోదే. దాని కోరలు సుప్రీంకోర్టు 2018లో పీకింది.

సింధు_ఎమ్మే
ఇందిర మేడమ్, సమ్మతి వయసు అంటే మన దగ్గర కూడా 1891లో చట్టం వచ్చింది కదా?

లాయర్_ఇందిర
వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 10 నుంచి 12కి పెంచారు. అదే ఏడాది అక్కడ టెస్ పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాది విజయనగరంలో గురజాడ కన్యాశుల్కం తొలిసారి ఆడింది. టెస్‌ని హార్డీ పట్టుబట్టి ‘పవిత్రురాలు’ అని పుస్తకం పేరు కిందే వేశాడు, దానికి తిట్లు తిన్నాడు. ఆడపిల్ల ఒంటి మీద ఎవరికి హక్కు అన్న తగువు రెండు చోట్లా ఒకే రోజుల్లో నడిచింది.

నెట్_గురి
ఇది బాగుంది. నా చార్టుకి రెండో గడి గీస్తున్నా. ఎడమవైపు వాళ్లది, కుడివైపు మనది. 1878 రాజశేఖర చరిత్ర. 1881 రాజమండ్రిలో వీరేశలింగం గారు జరిపించిన తొలి వితంతు వివాహం. దాని ఎదురుగా 1882లో అక్కడ పెళ్లయిన ఆడవాళ్లకి సొంత ఆస్తి హక్కిచ్చిన చట్టం. 1897లో డ్రాకులా, కన్యాశుల్కం అచ్చు, రెండూ!

వరంగల్_వాసు
గిరీశం, డ్రాకులా ఒకే ఏడాది అచ్చయ్యారా! ఇద్దరూ మనుషుల్ని పీల్చేవాళ్లే.

నల్లమల_చదువరి
కాన్రాడ్ గురించి ఎవరూ ఎత్తలేదేం? హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ చదివితే నాకు ఒళ్లు మండింది. ఆఫ్రికా వాళ్లకి పేర్లుండవు, మాటలుండవు, చీకట్లో కాళ్లూ చేతులూ కదులుతుంటాయి అంతే. దాన్ని మాస్టర్‌పీస్ అని నేర్పిస్తున్నారు. 1975లో నైజీరియా రచయిత అచెబె ఈ నవల మీద ఇచ్చిన ఉపన్యాసంలో అడిగినదే నేనూ అడుగుతున్నా. చారిత్రక నేపథ్యం అంటూ ఆ నవలని వెనకేసుకు రావద్దు దయచేసి.

అద్దె_నవల
వెనకేసుకు రావట్లేదు. కానీ ఎక్కడ అచ్చయిందో చూడండి. 1899లో బ్లాక్‌వుడ్స్ మ్యాగజైన్‌లో, మూడు భాగాలుగా. సైన్యంలో, వలసల్లో పనిచేసే ఇంగ్లిష్ అధికారులు ఇష్టంగా చదివే పత్రిక అది. కథలో పడవ మీద కూచుని మార్లో అనే నావికుడు చెప్పేది వినేవాళ్లు ఎవరు? కంపెనీ డైరెక్టరు, లాయరు, అకౌంటెంటు. పత్రిక పాఠకులూ వాళ్లలాంటి వాళ్లే. సామ్రాజ్యం మీద అనుమానాన్ని సామ్రాజ్యం నడిపేవాళ్ల గదిలోకే పంపాడు. 1890లో కాన్రాడ్ కాంగోలో వలస పాలన దారుణాలు కళ్లారా చూశాడు కూడా. అక్కడే కలిసిన, తర్వాత బ్రిటిష్ కాన్సుల్ అయిన రోజర్ కేస్‌మెంట్ ఆ దారుణాల మీద ఇచ్చిన అధికారిక నివేదిక 1904లో బయటికొచ్చింది.

నల్లమల_చదువరి
వినేవాళ్లు ఎవరో చెప్పినందుకు సంతోషం, అది నేను గమనించలేదు. అయినా కాంగో మనిషి ఆ గదిలో లేడు. కేస్‌మెంట్ నివేదికలో కాంగో మనుషులు తమ గోడు తామే చెప్పుకున్నారు, అదీ నాకు కావలసిన చరిత్ర. రెండూ కలిపి నేర్పించండి, ఒప్పుకుంటా.

పాతపుస్తకం
ఈ మాట సిలబస్ కమిటీలో ఎవరైనా గట్టిగా అంటే బాగుండు.

బ్రైటన్_లక్ష్మి
నేను ఉండేది బ్రైటన్. ఊరి నడుమ గుమ్మటాలతో రాయల్ పెవిలియన్ ఉంటుంది. 1914 చివర్లో ఫ్రాన్స్‌లో గాయపడ్డ భారతీయ సైనికులకి దాన్నే ఆసుపత్రిగా మార్చారు. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులని ఊరి బయట కొండమీద దహనం చేశారు. ఆ చోట తెల్లటి పాలరాతి ఛత్రి కట్టారు, 1921లో ఆవిష్కరించారు. గొర్రెలు మేసే గడ్డి మధ్య ఎక్కుకుంటూ పోవాలి. ఇది చెప్పడం ఎందుకంటే, యుద్ధ కవిత్వం అనగానే ఓవెన్, సాసూన్, కందకాల బురద మాత్రమే చెప్తారు. ఆ బురదలో మనవాళ్లూ ఉన్నారు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రం దాటారు.

ఓవెన్ 1918 నవంబరు 4న చనిపోయాడు, యుద్ధం ఆగడానికి వారం ముందు. ఆయన దగ్గరున్న నోట్‌బుక్‌లో టాగూర్ గీతాంజలి మాటలు రాసుకున్నాడని వాళ్లమ్మ తర్వాత టాగూర్‌కి ఉత్తరం రాసింది. ఈ సంగతి తెలిశాక ఆ కవితలు ఇంగ్లండ్ వాళ్లవి మాత్రమే అనిపించలేదు నాకు.

సింధు_ఎమ్మే
లక్ష్మి అక్కా, మిసెస్ డాలోవేకి కూడా యుద్ధమే నేపథ్యం అని రాయమన్నారు. కానీ అందులో యుద్ధం ఎక్కడుంది? ఒక ఆవిడ పూలు కొనుక్కుని పార్టీ ఇస్తుంది. సెప్టిమస్ ఒక్కడే కదా సైనికుడు?

బ్రైటన్_లక్ష్మి
పార్టీలోకి వెళ్లేముందు మొదటి పేజీలు నెమ్మదిగా చదువు. కథ నడిచేది 1923 జూన్‌లో ఒకే రోజు. యుద్ధం అయిపోయింది అనుకుంటుంది క్లారిసా, అంటే మిసెస్ డాలోవే. అనుకున్న వెంటనే ఒకావిడ గుర్తొస్తుంది: మంచి కుర్రాడు పోయాడు, ఇప్పుడు పాత బంగళా దాయాదికి పోతుందని కుమిలిపోతున్న ఆవిడ. ఇంకొకావిడ కొడుకు చనిపోయిన టెలిగ్రామ్ చేతిలో పట్టుకునే విరాళాల సంత ప్రారంభించింది. క్లారిసా గుండె బలహీనపడింది ఇన్‌ఫ్లుయెంజా వల్ల. 1918లో ఆ జబ్బు లోకాన్ని ఎలా తుడిచిపెట్టిందో కరోనా చూసిన మనకి విడమరచి చెప్పాలా? యుద్ధం ఆ పూల షాపు దారిలోనే ఉంది.

ఇక సెప్టిమస్. మొదట్లోనే వాలంటీరుగా చేరినవాళ్లలో ఒకడు. ఎందుకు వెళ్లాడు? వాటర్లూ రోడ్‌లో షేక్‌స్పియర్ పాఠం చెప్పిన మిస్ ఇసబెల్ పోల్ కోసం, షేక్‌స్పియర్ నాటకాలున్న ఇంగ్లండ్ కోసం. వూల్ఫ్ స్వయంగా ఆ రోడ్‌లోనే మోర్లీ కాలేజీలో పనివాళ్లకి సాయంత్రం క్లాసులు చెప్పింది. పేద గుమాస్తా కుర్రాడికి సాహిత్యం నేర్పారు, దేశభక్తి దానితోనే వచ్చింది, యుద్ధానికి పంపింది, తిరిగొస్తే డాక్టరు ఏమీ లేదు పొమ్మన్నాడు. షెల్ షాక్, అంటే యుద్ధంలో సైనికుల మనసు దెబ్బతినడం, దాని మీద వార్ ఆఫీస్ కమిటీ రిపోర్టు 1922లో వచ్చింది, నవల 1925లో. ఆ డాక్టర్ల మీద వూల్ఫ్ కోపం అచ్చంగా ఆనాటిది, ఆవిడ సొంతదీ.

కవితాప్రియ
ఇది నేనూ ఒప్పుకునే రకం చదువు. ఎందుకంటే లక్ష్మిగారు వాక్యం వదల్లేదు. ఎలియట్ కవిత వేస్ట్ లాండ్‌లో నాకు నచ్చినది ఒకటి కలుపుతా. రెండో భాగంలో పబ్బులో ఇద్దరు ఆడవాళ్ల కబుర్ల మధ్య, త్వరగా కానివ్వండి టైమైంది అని కేక పదేపదే వస్తుంది. చాలామంది అది మృత్యువు పిలుపు అని మాత్రమే రాస్తారు. పబ్బులు తెరిచి ఉంచే వేళలని గట్టిగా కుదించింది యుద్ధకాలంలోనే. మందుగుండు ఫ్యాక్టరీ కూలీలు తాగి పని మానేస్తారన్న భయంతో. యుద్ధం ముగిసినా ఆ కట్టడి పూర్తిగా పోలేదు. కబుర్లలో ఉన్న లిల్ మొగుడు కూడా సైన్యం నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాడు. అయితే ఈ సంగతి కవితని పెద్దది చేయదు. ఆ కేక వాక్యాల మధ్య ఎక్కడ పడిందో చూడాలి.

వరంగల్_వాసు
ప్రియగారూ, రైళ్లు షిల్లింగులు వద్దని మీరే అన్నారు, ఇప్పుడు పబ్బు టైమింగ్స్ తెచ్చారు! బాగుంది గానీ.

చార్మినార్_చాయ్
ఎ పాసేజ్ టు ఇండియా మన సిలబస్‌లో ఉండి కూడా ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. 1924లో వచ్చిన ఆ నవలని ఫార్‌స్టర్ అంకితమిచ్చింది సయ్యద్ రాస్ మసూద్‌కి. మసూద్ కుర్రవాడిగా ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు ఆయనకి ఫార్‌స్టర్ లాటిన్ పాఠాలు చెప్పాడు. ఆ మసూదే తర్వాత మన హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టర్. 1918లో ఉస్మానియా మొదలయ్యేనాటికి ఆ పదవిలో ఉన్నారు. నవలలో భారతీయ డాక్టరు అజీజ్, ఇంగ్లిష్ మాస్టారు ఫీల్డింగ్ స్నేహం గాలిలోంచి పుట్టలేదు.

ఇంగ్లిష్ అమ్మాయి మీద దాడి చేశాడన్న ఆరోపణతో అజీజ్ అరెస్టయ్యాక కలెక్టర్ భార్య మిసెస్ టర్టన్ ఆవేశంతో అనే మాట ఉంది: ఇంగ్లిష్ ఆడమనిషి కనబడితే వీళ్లు చేతుల మీదా మోకాళ్ల మీదా పాకుతూ పోవాలి అని. అది ఒట్టి నోటి దురుసు కాదు. 1919 ఏప్రిల్‌లో, జలియన్‌వాలాబాగ్ కాల్పుల తర్వాత, ఒక ఇంగ్లిష్ మిషనరీ మహిళ మీద దాడి జరిగిన అమృత్‌సర్ సందులో భారతీయులు పొట్టమీద పాకుతూ పోవాలని డయ్యర్ నిజంగానే ఆర్డర్ వేశాడు. నవలలో అమృత్‌సర్ పేరు లేదు. 1924లో చదివిన ఇంగ్లిష్ పాఠకుడికి మాత్రం పేరు అక్కర్లేదు. మన పిల్లలకే టీచర్ చెప్పాల్సొస్తోంది, అది నాకు మింగుడుపడదు.

సింధు_ఎమ్మే
ఈ లైన్ నా కాపీలో అండర్‌లైన్ చేశాను. పోయినేడు ఇదే నవల మీద ‘ప్రాచ్య పాశ్చాత్య సంఘర్షణ’ అని ఆన్సర్ రాశాం, అమృత్‌సర్ ఊసే లేకుండా.

ఒక సందేహం. పరీక్ష హాల్లో టైమ్ ఉండదు. మొదటి పేరా తీసేసి నేరుగా సీన్‌తో మొదలుపెడితే దిద్దేవాళ్లు ఒప్పుకుంటారా?

నెట్_గురి
నేపథ్యం అన్న హెడ్డింగ్ లేకపోతే మా సెంటర్‌లో మార్కులు కోస్తారని విన్నా. రిస్క్ వద్దు.

పాతపుస్తకం
హెడ్డింగ్ పెట్టు, కింద డార్విన్‌తో మొదలుపెట్టకు. టెస్ ప్రశ్న వస్తే ‘చారిత్రక నేపథ్యం’ అని రాసి, కౌలు, పాల రైలు, గ్రాఫిక్ పత్రిక కోతలు, ఈ మూడిటితో ఆరేడు లైన్లు. ప్రతి లైన్‌లోనూ నవలలోని ఒక చోటు పేరు ఉండాలి. ఫార్‌స్టర్ అయితే పాకుడు ఆర్డర్, మసూద్. దిద్దేవాడు వంద పేపర్లలో అదే పేరా చదివి ఉంటాడు, నీది చూడగానే నిటారుగా కూచుంటాడు.

సింధు_ఎమ్మే
సరే సార్. ఈ రాత్రికి టెస్, రేపు డాలోవే. హార్డీదే ఇంకో నవల జూడ్ కూడా సిలబస్‌లో ఉంది, దానికి ఏ సీన్ పట్టుకోవాలి?

పాతపుస్తకం
జూడ్ ఒక కాలేజీ పెద్దకి ఉత్తరం రాసి, నీ పని నువ్వు చూసుకో అన్న జవాబు అందుకునే చోటు. రాళ్లు చెక్కే కుర్రాడు సొంతంగా లాటిన్, గ్రీకు నేర్చుకుని యూనివర్సిటీ తలుపు కొట్టాడు. 1870 చట్టంతో ఊరూరా బళ్లు వచ్చాయి, యూనివర్సిటీ తలుపు మాత్రం మూసే ఉంది. ముందు ఆ చాప్టర్ చదువు, మిగతాది రేపు రాస్తా.

తెనాలి_పాప
సార్, రేపటి పోస్టుకి నేనూ కాచుక్కూర్చుంటా. జూడ్ తెలుగులో దొరుకుతుందా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.